అచ్చుతప్పు దొరకని పుస్తకం

జపాన్‌లో నానైరోషా అనే చిన్న ప్రచురణ సంస్థ 2018 జనవరిలో ఒక పుస్తకం వేసింది. పేరు ‘2017లో అతి పెద్ద ప్రధాన సంఖ్య’ అని చెప్పుకోవచ్చు. 719 పేజీలు, వాటి నిండా ఒకే సంఖ్య. జనం ఎగబడి కొన్నారు కూడా. దీని మీద రాస్తున్నానంటే ఒక ఫ్రెండ్ “ఇంతకీ కథేంటి?” అన్నాడు.

కథ చిన్నదే. రెండుని 7,72,32,917 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. 2,32,49,425 అంకెలొస్తాయి. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడదు. ఈ రకాన్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. 2017 డిసెంబర్ 26న అమెరికాలో ఒక వలంటీర్ కంప్యూటర్‌లో ఇది బయటపడింది.

పుస్తకం నా దగ్గర లేదు. ఫైలు దించుకుని కాసేపు చదివాను. 46733తో మొదలవుతుంది. తర్వాత ఏం చదివానో చెప్పలేను. నా ఫిర్యాదూ అదే. ఏ పేజీ తెరిచినా ఇది ప్రధాన సంఖ్య అన్న ఆనవాలు లేదు. దేనికోసం అచ్చేశారో ఆ గుణమే అచ్చులో కనపడదు.

తప్పు సంఖ్యది కాదు, లిపిది. మనకి పది వేళ్ళున్నాయని పది అంకెల్లో రాస్తాం. కంప్యూటర్ లాగా సున్నా, ఒకటితోనే రాస్తే ఈ పుస్తకమంతా ఒకట్లే, వరసగా 7,72,32,917 ఒకట్లు. అప్పుడు కొంచెం లోపలికి చూడొచ్చు. ఆరు ఒకట్లుంటే రెండేసి చొప్పున విడదీయొచ్చు, అంటే ఆ సంఖ్య (మన లెక్కలో 63) మూడుతో భాగింపబడుతుంది. కాబట్టి ఒకట్ల లెక్క కూడా ప్రధాన సంఖ్యే కావాలి. అయితే అది చాలదు. పదకొండు ఒకట్లు 2047 అవుతుంది. అది 23ని 89తో గుణిస్తే వచ్చేదే! అలా ఎందుకు జరుగుతుందో ఒకట్ల వరస కూడా చెప్పదు. నేనే ఎడిటర్నైతే ఆ ఒకట్ల పుస్తకమే వేసేవాణ్ణి. ఎవరూ కొనరనుకోండి.

ఒకసారి ఒక పత్రికలో నా కథలో ‘మనసు’ కాస్తా ‘మనిషి’ అయి అచ్చయింది. చదివినవాళ్ళు ఆ వాక్యమే బాగుందన్నారు! కథ తప్పుని భరిస్తుంది. ఈ పుస్తకం భరించదు. ఇంత పెద్ద సంఖ్యల్లో సగటున 5.35 కోట్లకి ఒక్కటే ప్రధాన సంఖ్య. నాలుగొందలో పేజీలో ఒక 3 పోయి 8 పడితే, పుస్తకం పేరు దాదాపు ఖాయంగా అబద్ధమైపోతుంది. పైగా ఆ సంగతి ఏ పాఠకుడికీ తెలియదు. పేజీకి 32 వేల పైచిలుకు అంకెల్ని ఏ ప్రూఫ్‌రీడర్ చూస్తాడు?

పేరులో ‘2017’ అని పెట్టడం మాత్రం నిజాయితీ. 2018 డిసెంబర్‌కే ఇంకో పెద్దది దొరికింది. 2024 అక్టోబర్‌లో దొరికినదానికి 4,10,24,320 అంకెలు.

నేను చెయ్యగల ప్రూఫ్‌రీడింగ్ ఒక్కటే. రెండుని అలా గుణించుకుంటూ పోతే, మొదటి రెండు మెట్లు వదిలేస్తే, చివరి మూడంకెలు వంద మెట్లకోసారి తిరిగొస్తాయి. 7,72,32,917లో చివర 17 ఉంది కాబట్టి పదిహేడో మెట్టు చూస్తే చాలు: 1,31,072. ఒకటి తీస్తే చివర 071. అన్నట్టు, ఆ 1,31,071 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే. ఫైలు చివరిదాకా స్క్రోల్ చేశాను. 071 ఉంది. మిగతా 2,32,49,422 అంకెల్ని నమ్మేశాను.