ఎనిమిది తర్వాతి అంకెలు

బెళుగుప్పలో ఏ ఇంటి క్యాలెండరు తిరగేసినా వెనక నంబర్లుంటాయి. వానలు మొహం చాటేసి, శెనక్కాయ చేను ఎండిపోయాక బెంగళూరుకు పోయినవాళ్ల నంబర్లే ఎక్కువ. ఒకటి 8008తో మొదలవుతుంది, అది కొడుకు సెల్లు. దాని కిందిది 8022తో మొదలవుతుంది, వాడు పనిచేసే చోటి ల్యాండ్‌లైను. రెండూ పదేసి అంకెలే, రెంటికీ ముందు 80 ఉంది. ఏది ఏదో ఆ తల్లికి తెలుసు. మరి కంప్యూటరుకు?

తెలియకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒకసారి ఒక ఆన్‌లైన్ దరఖాస్తులో పొరపాటున ల్యాండ్‌లైను నంబరు ఇచ్చాను. పది అంకెలున్నాయని అది ఒప్పేసుకుంది. రాని ఓటీపీ కోసం అరగంట కూర్చున్నాను.

ఈ చిక్కు విప్పడానికి గూగుల్ ఇంజనీర్లు కట్టి, అందరికీ ఉచితంగా విడిచిపెట్టిన పనిముట్టు లిబ్‌ఫోన్‌నంబర్. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది ఇదే. దేశదేశాల నంబర్ల కట్టుబాట్లన్నీ ఒక పెద్ద ఫైల్లో రాసి ఉంటాయి. అందులో మన దేశానికి రాసిన భాగం చదివితే నాకు నేతగాడి మగ్గం ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

మన ల్యాండ్‌లైన్లలో ఎస్టీడీ కోడ్ ముందున్న సున్నా తీసేస్తే మిగిలేవి పది అంకెలు. అనంతపురం 08554 కాస్తా 8554 అవుతుంది, వెనక ఆరంకెలు. సెల్లు నంబర్లు 9తో సరిపోక 8లోకి, 7లోకి, 6లోకి దిగాక రెండూ ఒకే గట్టు మీద కలిశాయి. కోడ్ తర్వాతి అంకె 2 అయితే ల్యాండ్‌లైను, 0 అయితే సెల్లు అనుకోవచ్చు. 8022కూ 8008కూ అది సరిపోయింది. కానీ 3 నుంచి 7 దాకా? బెంగళూరు కోడ్ 80 వెనక ల్యాండ్‌లైనుకు 7 వచ్చినా, మన తెలుగువాళ్ల చేతుల్లో 8074 సెల్లు నంబర్లు బోలెడు. అందుకే ఆ ఫైల్లో ఒక్క సూత్రం లేదు. ఏ కోడ్ వెనక ఏ అంకె వస్తే ఏమిటో ఓపికగా ఏరి రాసిన వరసలున్నాయి. ప్రభుత్వం కొత్త వరస తెరిస్తే గూగుల్‌వాళ్లూ ఆ ఫైలు దిద్దుతారు.

నాకు అంతకన్నా నచ్చింది ఈ పనిముట్టు నిజాయితీ. పొడవు సరిపోతే 'ఉండొచ్చు' అంటుంది, కట్టుబాటుకు సరిపోతే 'సరైనది' అంటుంది. ఆ నంబరు ఎవరి చేతిలోనైనా ఉందని మాత్రం అనదు. అమెరికాలో సెల్లుకూ ల్యాండ్‌లైనుకూ నంబరులో తేడా కనబడదు గనక అక్కడ 'రెంటిలో ఏదైనా' అన్న రకమే వేరుగా పెట్టారు. ఇటలీ ల్యాండ్‌లైన్లకు విదేశం నుంచి చేసినా ముందు సున్నా ఉండాల్సిందే. ఆ ఒక్క సున్నా పోకుండా దాచడానికి వేరే గుర్తు ఉంది.

ఈ తెలివంతా నంబరు రాసే తీరులోనే తేలిపోతుంది. 8008 నంబరిస్తే అయిదంకెల తర్వాత ఖాళీ వదులుతుంది. 8022 అయితే 80 తర్వాతే. 8554 వెనక 2 పడిందా, ఖాళీ సరిగ్గా అనంతపురం కోడ్ పక్కకు వచ్చి నిలబడుతుంది.