కుర్చీలో సిమెంటు బస్తా

మోకాలు పట్టేసి మూడు వారాలు పరుగు మానేయాల్సి వచ్చినప్పుడు ఒక స్నేహితురాలు రెండు పుస్తకాలు తెచ్చిపెట్టింది. ఒకటి హారుకి మురకామి రాసిన 'వాట్ ఐ టాక్ ఎబౌట్ వెన్ ఐ టాక్ ఎబౌట్ రన్నింగ్'. రెండోది డిక్ హోయ్ట్, డాన్ యేగర్‌తో కలిసి రాసిన 'డివోటెడ్' (2010). "ఇది సాహిత్యం, ఇది ఇన్‌స్పిరేషన్" అని అట్టలు చూపించి మరీ విభజించి వెళ్ళింది. నేనూ ఆ విభజనని నమ్మే చదవడం మొదలుపెట్టాను. చదివిన క్రమం కూడా అదే.

మురకామి గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆయన గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నడుపుతున్న జాజ్ బార్ అమ్మేసి పూర్తికాలం రచయితగా మారాక, 1982లో, ముప్ఫై మూడేళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టాడు. మరుసటి ఏడు మండువేసవిలో ఏథెన్స్ నుంచి మారథాన్ ఊరిదాకా ఒంటరిగా పరుగెత్తాడు. 1996లో జపాన్‌లోని సరోమా సరస్సు దగ్గర వంద కిలోమీటర్ల పందెం పదకొండు గంటల నలభై రెండు నిమిషాల్లో పూర్తి చేశాడు. ఒంటి గురించి అబద్ధం చెప్పడు, అది ఆయనలో గొప్ప గుణం. వయసు మీదపడి వేగం తగ్గుతోంటే తగ్గుతోందనే రాస్తాడు. నీతులు చెప్పడు. వాక్యం కూడా పరుగులాగే సమంగా, ఆయాసం లేకుండా సాగుతుంది.

కానీ సగానికి వచ్చేసరికి నాకు చిరాకు మొదలైంది. అన్యాయమైన చిరాకే, ఒప్పుకుంటాను. ఆ ఇంట్లో పిల్లలు లేరు. తెల్లవారకముందే లేచి రాసుకునేవాడికి, రాసుకున్నాక పరుగుకి వెళ్ళేవాడికి, తిరిగొచ్చేసరికి పాలు ఎవరు కాచారు, జడ ఎవరు వేశారు, స్కూల్ ఆటో ఎవరు ఎక్కించారు అన్న ప్రశ్న రాదు. పిల్లలు లేకపోవడం ఆయన తప్పు కాదు. అయితే ఏకాంతాన్ని ఆయన గాలిలాగా, ఎవరికైనా ఊరికే దొరికేదానిలాగా రాస్తాడు. మా ఇంట్లో ఏకాంతానికి అద్దె ఉంది. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం మోగి, కేబీఆర్ పార్కు చుట్టుపక్కల రోడ్ల మీద పాతిక కిలోమీటర్లు పరుగెత్తి నేను తొమ్మిదికి ఇల్లు చేరేసరికి, ఆ అద్దె మా ఆయన కట్టేసి ఉంటాడు. కొన్నిసార్లు మా అత్తయ్య కడుతుంది. ఆవిడ ఊరికే కట్టదు, ఒక మాట కూడా కలిపి కడుతుంది. "ఆడది పరుగులు పెట్టేది పిల్లల వెనకాలమ్మా, రోడ్ల మీద కాదు." ఈ మాటకి జవాబు మురకామి దగ్గర లేదు. ఉండాలని ఆశించడం నాదే తెలివితక్కువ.

అలాంటి మనసుతో 'డివోటెడ్' తెరిచాను. హోయ్ట్ తండ్రీకొడుకుల వీడియో మీ వాట్సాప్‌కి కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చక్రాల కుర్చీలో ఎదిగిన కొడుకు, వెనక నెట్టుకుంటూ పరుగెత్తే తండ్రి, నేపథ్యంలో కళ్ళు చెమర్చే సంగీతం, కింద 'తండ్రి ప్రేమ' అని నాలుగు ముక్కలు. నేను కూడా ఆ వీడియో చూసి ఏడ్చి, మరో పదిమందికి పంపినదాన్నే. అందుకే పుస్తకం మీద పెద్ద ఆశ లేదు. వాక్యాలు కూడా సాదాసీదా. ఒక విశ్రాంత సైనికాధికారి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చెబుతున్నట్టు ఉంటాయి. శైలి కోసం చదవాల్సిన పుస్తకం కాదు.

విషయం ఇది. రిక్ 1962లో పుట్టాడు. పుడుతున్నప్పుడు బొడ్డుతాడు మెడకి చుట్టుకుని మెదడుకి ప్రాణవాయువు అందలేదు. సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, మాట్లాడలేడు. ఏదైనా సంస్థలో వదిలేయమని డాక్టర్లు సలహా ఇచ్చారు. డిక్, జూడీ వినలేదు. పిల్లవాడి కళ్ళు తమ వెంటే తిరుగుతున్నాయని వాళ్ళు గమనించారు. జూడీ గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, వేళ్ళతో తడిమించి ఏ బీ సీ డీలు నేర్పింది. ఇంట్లో ప్రతి వస్తువు మీదా దాని పేరు రాసి అంటించింది. 1972లో కుటుంబం కష్టపడి 5,000 డాలర్లు పోగుచేస్తే, టఫ్ట్స్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు తలతో మీట నొక్కి అక్షరాలు ఎంచుకునే ఒక యంత్రం తయారుచేసి ఇచ్చారు. మొదట అమ్మని పిలుస్తాడా, నాన్నని పిలుస్తాడా అని అందరూ చూస్తుంటే, కుర్రాడు తన హాకీ జట్టు బ్రూయిన్స్‌కి జై కొట్టాడు. ఇక్కడ నేను గట్టిగా నవ్వాను, మోకాలు నొప్పి పెట్టింది కూడా.

విరాళాల సేకరణ అంటే పరుగుతో కలిపి చూడటం అలవాటైన నాకు, ఆ 5,000 డాలర్లు ఎవరూ ఒక్క అడుగు పరుగెత్తకుండా వచ్చాయన్న సంగతి వింతగా తోచింది.

పరుగు ఐదేళ్ళ తర్వాత వచ్చింది, 1977లో. పక్షవాతం వచ్చిన ఒక లక్రాస్ ఆటగాడి కోసం ఐదు మైళ్ళ సహాయ పరుగు పెడుతున్నారని తెలిసి, మనమూ పాల్గొందామని రిక్ అడిగాడు. తండ్రికి ముప్ఫై ఆరేళ్ళు, పరుగు అలవాటు లేదు. ఆ కుర్చీ కూడా పరుగు కోసం చేసింది కాదు. అయినా ఆఖరి నుంచి రెండోవాళ్ళుగా పూర్తి చేశారు. పరుగెత్తుతున్నంతసేపూ తనకి వైకల్యం ఉన్నట్టే అనిపించలేదని ఇంటికి వచ్చాక రిక్ మీట నొక్కి చెప్పాడు. వీడియోలన్నీ ఈ మాట దగ్గర ఆగి, సంగీతం పెంచుతాయి.

నేను ఆగింది దానికి ముందు అడుగు దగ్గర. వెళ్దామన్నది ఎవరు? రిక్. ఎవరి కోసం? ఇంకెవరి కోసమో. ఊరంతా జాలిపడి సాయం అందించవలసినవాడిగా చూసే కుర్రాడు, తనే ఇంకొకడికి సాయం చేస్తానన్నాడు. 'తండ్రి ప్రేమ' అని పేరు పెట్టగానే ఈ వరస తలకిందులైపోతుంది. కొడుకు నెట్టబడే బరువు అయిపోతాడు, తండ్రి దాత అయిపోతాడు. పుస్తకం ఉపశీర్షికే 'ది స్టోరీ ఆఫ్ ఎ ఫాదర్స్ లవ్ ఫర్ హిజ్ సన్'. లోపల ఉన్న కథ ఆ శీర్షిక కన్నా తెలివైనది.

తర్వాతి లెక్కలు అందరికీ తెలిసినవే. ముప్ఫై రెండు బోస్టన్ మారథాన్లు, వెయ్యికి పైగా పోటీలు, ఆరు ఐరన్‌మ్యాన్‌లు. 1992లో అమెరికా ఆ చివర నుంచి ఈ చివరకి నలభై ఐదు రోజుల్లో 3,735 మైళ్ళు. 2 గంటల 40 నిమిషాల 47 సెకన్లలో ఒక మారథాన్, అదీ కుర్చీ నెడుతూ. (నాది ఎంతో చెప్పను. ఆ సమయానికి నేను ఇంకా జూబ్లీహిల్స్ ఎత్తుల దగ్గరే ఉంటాను.) కానీ నా మనసులో ఉండిపోయింది ఈ అంకెలు కాదు. రిక్ బడిలో ఉండే వేళల్లో డిక్ ఆ కుర్చీలో సిమెంటు బస్తా పెట్టుకుని సాధన చేసేవాడు. చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారో! కొడుకు చదువు కొడుకుది, సాధన తనది. పోటీ రోజున మాత్రమే ఇద్దరూ ఒకటి.

ఇంత పొందిక ఎవరికి దొరుకుతుంది? ఇల్లు, పరుగు, ధర్మకార్యం మూడూ ఒకే కుర్చీలో కూర్చున్నాయి. మామూలు తల్లిదండ్రులకి ఆ మూడూ మూడు దిక్కుల్లో ఉంటాయి. నేను పరుగెత్తేటప్పుడు నా కూతురు ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది, నేను ఎవరి కోసం చందాలు అడుగుతున్నానో ఆ పిల్లలు ఊరికి ఇంకో మూల ఉంటారు. హోయ్ట్‌ల కథని 'చూడండి, అన్నీ కుదురుతాయి' అని వాడుకునేవాళ్ళు ఈ తేడాని దాటేస్తారు. పైగా కుదిరిందని ఎవరు చెప్పారు? డిక్, జూడీ విడిపోయారు. కారణాలు వాళ్ళవి, పరుగు మీదే నెపం వేయడం నాకు ఇష్టం లేదు. కానీ అక్షరాలు నేర్పినది, కొడుకుని మామూలు బడిలో చేర్చుకోమని ఏళ్ళ తరబడి పోరాడింది జూడీ. అట్ట మీద ఆమెకి చోటు లేదు. బోస్టన్ మారథాన్ మొదలయ్యే హాప్కింటన్‌లో తండ్రీకొడుకుల విగ్రహం ఉంది. గరుకు కాగితం అక్షరాలకి విగ్రహం ఎలా పెడతారు? జూడీ వైపు నుంచి రాసిన పుస్తకం ఉంటే, ఈ రెండు పుస్తకాలూ పక్కనపెట్టి అదే ముందు చదువుతాను.

ఇప్పుడు నా విషయం, ఇది రాయడానికి అసలు కారణం అదే. ఆ ఏడు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి, నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా నా నలభై రెండు కిలోమీటర్లనీ ఒక ప్రత్యేక పాఠశాల పిల్లల ఫిజియోథెరపీ కోసం ముడిపెట్టాను. విన్నపం ఒకటి రాశాను. పరుగు సాహిత్యంలో ఎవరూ సమీక్షించని ప్రక్రియ ఏదైనా ఉంటే అది ఈ విన్నపమే. దానికో ఛందస్సు ఉంది. ముందు నా కష్టం, తర్వాత వాళ్ళ కష్టం, తర్వాత లింకు. మధ్యలో ఒక ఫోటో. నేను పెట్టిన ఫోటోలో ఏడేళ్ళ పాప, కాళ్ళకి కాలిపర్స్, కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తోంది. పాఠశాలవాళ్ళే ఇచ్చారు, అనుమతి ఉందన్నారు.

డబ్బు బాగానే వచ్చింది. మనవాళ్ళ తీరే వేరు. వెయ్యి పంపమంటే వెయ్యినూటపదహార్లు పంపుతారు. పెళ్ళిలో మైకు పట్టుకుని చదివింపులు చదివినట్టు, పేజీలో దాతల పేర్లు వరసగా పడుతుంటే నేనూ గంటకోసారి చూసుకునేదాన్ని. ఎనభై జీ రసీదు వస్తుందా అని అడిగినవాళ్ళు సగం మంది. ఒక పెదనాన్నగారు మాత్రం పేరు వేయవద్దని పంపారు.

ఒక రాత్రి నా భుజం మీంచి ఫోన్‌లోకి చూసి మా అమ్మాయి అడిగింది. "ఈ పాప ఎవరమ్మా?"

"నేను పరుగెత్తేది వీళ్ళ కోసమే."

"తన ఫోటో పెట్టావని తనకి తెలుసా?"

వాళ్ళ అమ్మకి తెలుసు అన్నాను. నాకే తెలియదు, తెలుసని అనుకున్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, తన నిద్రమొహం ఫోటో ఒకసారి కుటుంబం గ్రూపులో పెట్టినందుకు రెండు రోజులు నాతో మాట్లాడని మనిషి. ఇంకేం అనలేదు. దుప్పటి కప్పుకుని పడుకుంది.

రిక్ మీట నొక్కి అడగగలిగాడు కాబట్టి ఆ పరుగు అతనిది అయింది. నా పరుగులో ఆ పాపని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఒక బస్తాని కూర్చోబెట్టి నెడుతున్నాను, సిమెంటు బస్తాకైతే మొహం ఉండదు, అంతే.

మర్నాడు ఫోటో తీసేశాను. విన్నపం మళ్ళీ రాశాను. ఒక్కో పిల్లకి వారానికి ఎన్నిసార్లు ఫిజియోథెరపీ కావాలి, ఒక్కోసారికి ఎంత ఖర్చు, ఇప్పుడు ఎన్ని జరుగుతున్నాయి, అంతే. నా కష్టం గురించి పేరా మొత్తం కొట్టేశాను. చందాలు తగ్గాయి. ఎంత తగ్గాయో పాఠశాలవాళ్ళకి చెప్పవలసి వచ్చినప్పుడు నా గొంతు సరిగా పెగల్లేదు. ఫోటో ఉంచి ఉంటే ఇంకో పదిమంది పిల్లలకి నెలరోజుల ఫిజియోథెరపీ జరిగేదేమో. ఆ లెక్క నేను ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను, తేలలేదు.

డిక్ 2021లో పోయాడు, రిక్ 2023లో. పుస్తకాలు రెండూ స్నేహితురాలికి తిరిగి ఇచ్చేటప్పుడు, ఆవిడ విభజన తప్పని చెబుదామనుకున్నాను. తలుపు దగ్గరే, మోకాలు ఎలా ఉంది, ఆదివారం ఎంత దూరం అని అడిగింది. పన్నెండు కిలోమీటర్లే, ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి, మా అమ్మాయికి ఆ రోజు జడ నేను వేస్తానని మాటిచ్చాను అన్నాను.