‘భూమికి ఎక్స్‌రే’: ఒక ఉపమాన పరిశీలన

గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌ను పరిచయం చేసేవారు దానిని ‘భూమికి ఎక్స్‌రే’ అంటూ ఉంటారు. 2024లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పూరీ రత్నభాండాగారంలో ఈ పరీక్ష జరిపినప్పుడు కూడా, రహస్య గది కనిపిస్తుందా అన్న కుతూహలమే ముందు నిలిచింది. ఉపమానోపమేయాలకు సమానధర్మం ఉండాలని ఆలంకారికుల మాట. ఇక్కడ అది లోపించిందని మా అభిప్రాయం.

ఎక్స్‌కిరణం వస్తువును దాటిపోయి అవతల నీడను పరుస్తుంది. రాడార్ పంపే రేడియో తరంగం మట్టి, రాయి, ఖాళీ కలిసే హద్దుల వద్ద కొంత వెనుదిరుగుతుంది. యంత్రం కొలిచేది ఆ రాకపోకల కాలాన్ని, తిరిగివచ్చిన తరంగబలాన్ని. పూడిన గుండురాయి తెరపై రాయిగా కాక, బోర్లించిన వంపుగీతగా కనిపిస్తుంది. ఆ మట్టిలో తరంగవేగమెంతో తెలియనిదే లోతు చెప్పలేము. పౌనఃపున్యం పెంచితే వివరం పెరుగుతుంది, అందే లోతు తగ్గుతుంది. తడిసిన బంకమట్టిలో తరంగం త్వరగా ఇంకిపోతుంది.

రూపనగుడి వంటి ఊళ్ళున్న బళ్ళారి సీమకు ఈ చివరి మాట ముఖ్యం. ఇక్కడ నల్లరేగడి విస్తారం. వాన వెలిసిన చేలో తెర ఖాళీగా ఉంటే, తరంగం లోతుకు పోలేదనుకోవాలి. అడుగున ఏమీ లేదనుకోరాదు. ఎక్స్‌రే అని నమ్మినవారు ‘ఏమీ లేదు’ అని తీర్పు చెబుతారు. ఆ తీర్పు స్థలానికి ప్రాణాంతకం. 1940లలో బి. సుబ్బారావు తవ్వి చూపిన సంగనకల్లు నవీన శిలాయుగ స్థలం పరిసరాల్లోని గుట్టలను కంకర క్వారీలు ఇప్పటికే కొరికివేశాయి.

తెరపై పొర కనిపించినా పని ముగియదు. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వాడు. అది పశువులదొడ్డిలో పేడ పదేపదే కాలి ఏర్పడిందని తేల్చడానికి అక్కడ దొరికిన గిట్టల గుర్తులు తోడ్పడ్డాయి. పొర ఉన్నదని రాడార్ చెప్పగలదు. అది పేడబూడిద అని పార చెప్పాలి. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకుండా వదలాలో తెలపడమే రాడార్ చేసే మేలు. అది చిన్న మేలేమీ కాదు, తవ్విన పొర మళ్ళీ దొరకదు గనుక.

ఉపమానమే కావాలంటే సంగనకల్లు పక్కన కప్పగల్లు గుట్టపై ఉన్నది. అక్కడి డోలరైట్ బండలను రాతితో కొడితే గంటల్లా మోగుతాయి. రాడార్ పని కూడా తట్టి, బదులు వినడమే. విన్నదానికి అర్థం చెప్పేవారు నేల ఏదో, తడి ఎంతో, ఏ తరంగం వాడారో కూడా చెప్పవలసి ఉంటుంది. ఆ వివరాలు లేని నివేదికను ప్రమాణంగా స్వీకరించరాదని మా మనవి.