గుట్టమీద నీటి పనివాళ్లు

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్‌ను మొదలుపెట్టారు. సహారా అంచున ఉన్న టింబక్టు పట్టణం పేరు అనంతపురం సీమకు బాగానే అతికింది. ఇక్కడ ఏటా పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే.

అక్కడ ముందుగా మెచ్చుకోవలసింది రాళ్ల కట్టల పని. వాగు పుట్టే చోట మొదలెట్టి కిందికి దిగుతూ కట్టాలి. పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి సందుల్లో, సిమెంటు ఉండదు. నీరు మెల్లగా జారుతుంది, ఒండ్రు వెనక ఆగుతుంది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, మన్ను దిగువ వైపు గట్టుగా పోస్తారు. పశువుల మేతను, మంటలను ఆపితే గడ్డి, ఆపై పాత మోళ్ల చిగుళ్లు వాటంతటవే వస్తాయి. మొక్కలు నాటి ఫొటోలు దిగడం కన్నా ఇది కష్టమైన పని.

కలెక్టివ్ అండతో ఏర్పడిన చుట్టుపక్కల రైతుల ధరణి సహకార సంఘం ఇప్పుడు కొర్రలు, వేరుశనగ అమ్ముతోంది.