పటాచార కొండెక్కించిన దీపం

మా అమ్మమ్మ ఇంట్లో దీపం ఏనాడూ ఆరిపోలేదు. కొండెక్కేది. గాలి విసిరితే కొండెక్కేది, నూనె అయిపోతే కొండెక్కేది. పిల్లల్లో ఎవరైనా నోరు జారి 'ఆరిపోయింది' అంటే నెత్తిన మొట్టికాయ పడేది. దీపానికి ఆ మాట వాడకూడదని చిన్నప్పుడే అంత గట్టిగా తలకెక్కించారు. అందుకేనేమో, థేరీగాథలో పటాచార చెప్పిన పద్యాలు మొదటిసారి చదువుతూ చివరి పద్యం దగ్గర ఉలిక్కిపడ్డాను. అక్కడ ఒకావిడ తన చేత్తో తానే దీపం ఆర్పేస్తుంది. ఆమె జీవితంలో అంతకన్నా శుభ ఘడియ మరొకటి లేదు.

థేరీలంటే సంఘంలో పెద్దలైన భిక్షుణులు. వాళ్ల పేరున నిలిచిన పాళీ పద్యాల సంపుటి థేరీగాథ. సుత్తపిటకంలోని ఖుద్దకనికాయంలో ఉంటుంది. 73 కవితలు, సుమారు 520 పద్యాలు. కూర్చినవాళ్లెవరో గానీ లెక్క మనుషులు. ఒంటి పద్యాలు ముందు, తర్వాత రెండేసి, మూడేసి, అలా పెరుగుతూ పోయి చివర డెబ్భై పైచిలుకు పద్యాల సుమేధ కవితతో ముగుస్తుంది. ఈ వరసలో కులం, హోదా చూడలేదు. కాబట్టి నీళ్లు మోసే దాసి పుణ్ణిక పక్కనే వైశాలి గణిక అంబపాలి వచ్చి కూర్చుంది. 1883లో రిచర్డ్ పిషెల్ పరిష్కరించిన పాళీ ప్రతిని పాలి టెక్స్ట్ సొసైటీ అచ్చువేసింది. 1909లో కరోలిన్ రైస్ డేవిడ్స్ ఇంగ్లీషులోకి తెచ్చారు. 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీకి చార్ల్స్ హాలిసే చేసిన అనువాదంలో మూలం ఎదురు పేజీలోనే ఉంటుంది. పాళీ రాకపోయినా ఆ పేజీని వదలకండి. ఎందుకో చెబుతాను.

పటాచార కథ వ్యాఖ్యాత ధమ్మపాలుడు చెప్పింది. శ్రావస్తిలో సంపన్నుల బిడ్డ. ఇంట్లో పనివాడితో వెళ్లిపోయింది. తర్వాత ఒక్క ప్రయాణంలో భర్త పాముకాటుకు పోయాడు, పసిగుడ్డును డేగ ఎత్తుకెళ్లింది, పెద్దవాడు ఏట్లో కొట్టుకుపోయాడు, పుట్టింటివాళ్లు ఇల్లు కూలి చనిపోయారు. ఆమెకు మతి చలించింది. ఆ తర్వాతే భిక్షుణి అయింది. ఇంత ఉంటే మనం ఎన్ని పద్యాలు రాస్తాం! ఆవిడ రాసినవి ఐదు. ఆ ఐదింట్లో ఒక్క చావు లేదు, ఒక్క కన్నీటి చుక్క లేదు. నాకు తెలిసి ఆ సంపుటిలోకెల్లా గొప్ప పనితనం ఈ మానేయడంలోనే ఉంది.

మొదటి పద్యం పొలంలో మొదలవుతుంది. మగవాళ్లు దున్నుతారు, విత్తుతారు, సంపాదించి పెళ్లాం పిల్లల్ని పోషించుకుంటారు. రెండో పద్యంలో ఆమె సొంత ఫిర్యాదు. నేనూ శీలం తప్పలేదు, చెప్పినట్టే చేశాను, బద్ధకించలేదు, మరి నాకెందుకు నిబ్బానం, అంటే నిర్వాణం, దక్కదు? రైతు పంటలాంటిది తనకూ రావాలి కదా అన్న న్యాయమైన ఉక్రోషం అది. మూడో పద్యంలో కాళ్లు కడుక్కుంటుంది. ఆ నీళ్లు మెరక నుంచి పల్లానికి పోవడం చూస్తుంది. నీరు పల్లమెరుగు అని మనం రోజూ అనుకునేదే. ఆవిడ మాత్రం నిలబడి చూసింది. వ్యాఖ్యలో ఆ నీళ్లు మూడుసార్లు పోస్తుంది, ఒక్కోసారి ఒక్కో దూరం పోయి ఇంకిపోతాయి, బాల్యంలో, నడివయసులో, ముసలితనంలో పోయే మనుషుల్లా. ఆ పోలిక పద్యంలో లేదు. లేకపోవడమే మంచిది.

తర్వాత ఆమె మనసును మేలుజాతి గుర్రాన్ని నిలిపినట్టు నిలుపుతుంది. దీపం పట్టుకుని గదిలోకి వెళ్తుంది. పక్క చూసుకుంటుంది. మంచం మీద కూర్చుంటుంది. సూది తీసుకుని వత్తిని కిందికి లాగుతుంది. అంతే.

పాళీ పేజీ చూడమన్నది ఇందుకే. అక్కడ వత్తి 'వట్టి'గా ఉంది. మంచం 'మంచక', సూది 'సూచి'. రెండు వేల ఏళ్ల నాటి గదిలో మనకు తెలియని సామాను ఒక్కటీ లేదు. చివరి రెండు పద్యాల్లో 'తతో' అనే మాట మూడుసార్లు వస్తుంది. ఆపైన, ఆపైన, ఆపైన. ఇంటి పనులు చెప్పుకునే గొంతు అది. ఇక నిబ్బానమనే మాట. ఆ శబ్దానికి ఉన్న మామూలు అర్థమే దీపం ఆరడం. రెండో పద్యంలో అది దొరకని పెద్ద వస్తువు, ఆమె ఉక్రోషానికి కారణం. ఐదో పద్యంలో అదే మాట చేతిలో ఉన్న దీపానికి జరిగిన చిన్న సంగతి. మధ్యలో ఉన్నవి కాళ్లు, నీళ్లు, మంచం. తత్వశాస్త్రం నుంచి మాటను తీసుకొచ్చి మళ్లీ ప్రమిదలో పెట్టింది. ఆమె దీపాన్ని ఉఫ్ మని ఊదలేదన్నది కూడా గమనించాలి. వత్తిని నెమ్మదిగా దించింది. నీళ్లు దిగినట్టే వత్తీ దిగింది.

ముత్త అనే థేరిది ఒకే పద్యం. ముత్త అంటే విడుదలైనది. తన పేరునే పట్టుకుని ఆ మాటను తిప్పి తిప్పి వాయిస్తుంది. మూడు వంకర వస్తువుల నుంచి బయటపడ్డానంటుంది: రోలు, రోకలి, గూని మొగుడు. రోలు వంకరేమిటని అనుమానం రావచ్చు. ధమ్మపాలుడు దానికి ఓపిగ్గా జవాబిస్తాడు. గింజలు పోయడానికి, దంచడానికి వీపు వంచాలి కదా, మనిషిని వంచేది కాబట్టి అదీ వంకరదేనట. దంపుడు చూసినవాళ్లకు ఇందులో చెప్పాల్సింది ఏమీ లేదు. అసలు చమత్కారం తర్వాత ఉంది. రోలు నుంచి విడుదలైన ఆ క్రియతోనే, ఊపిరి తీసుకోకుండా, చావు పుట్టుకల నుంచి విడుదలయ్యానంటుంది. నడుం నొప్పికీ, సంసార చక్రానికీ ఒకే క్రియ! మరో థేరి, సుమంగలుడి తల్లిదీ రోకలి కథే. ఆవిడ రాగద్వేషాలు తెగిపోవడాన్ని చిటపటలాంటి ధ్వన్యనుకరణతో వినిపిస్తుంది, వెదురు చీల్చిన చప్పుడనుకోవచ్చు. ఆపైన చెట్టు కింద చేరి, ఆహా ఎంత సుఖం అనుకుంటూ ధ్యానంలో కూర్చుంటుంది. సుఖమన్న మాట ఇంత సూటిగా, ఇంత సొంతంగా పలకడం అరుదు.

అంబపాలి పద్ధతి వేరు. 19 పద్యాలు. మన ప్రబంధ నాయికను వర్ణించినట్టే జుట్టుతో మొదలుపెట్టి పాదాల దాకా దిగుతుంది. ఒక్కో పద్యంలో అప్పుడు ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంది. తుమ్మెద రంగు కురులు జనపనార అయ్యాయి. ప్రతిసారీ చివర ఒకే పల్లవి, సత్యవాది మాట తప్పదని. చదువుతున్నకొద్దీ ఆ పల్లవి ఓదార్పులా మొదలై సుత్తి దెబ్బలా మారుతుంది. వర్ణించేది మగకవి కాకుండా ఆ ఒంటి యజమానే కావడంతో పద్ధతి మొత్తం తిరగబడింది.

అన్నీ ఈ స్థాయివి కావు. కొన్నింట్లో అరిగిపోయిన ముగింపు వాక్యాలే మళ్లీ మళ్లీ వస్తాయి, సుమేధ కవిత ఉపమానాల బరువుకు కుంగుతుంది. ముగ్గురు భర్తలు వదిలేసిన ఇసిదాసి తన కష్టానికి పూర్వజన్మల పాపం లెక్క చెబుతుంటే నాకు ఈనాటికీ మింగుడు పడదు.

నేను తరచూ వెళ్లేది మాత్రం చందా అనే థేరి దగ్గరికి. ఐదే పద్యాలు. భర్త లేడు, పిల్లల్లేరు, చుట్టాల్లేరు, కూడూ గుడ్డా లేదు. గిన్నె, కర్ర పట్టుకుని ఏడేళ్లు ఎండకూ చలికీ ఇంటింటా అడుక్కుంది. ఒక భిక్షుణికి అన్నం, నీళ్లు దొరకడం చూసి, నన్నూ చేర్చుకోమని అడిగింది. ఆకలి మాట దాచుకోలేదు. చేర్చుకున్నది పటాచారే. గిన్నెకు చందా వాడిన మాట 'పత్త', భిక్షువుల పాత్రకూ అదే మాట. ఇంటింటా అడగడానికి వాడిన ధాతువులోంచే భిక్షుణి అన్న పేరూ వచ్చింది. చేరాక కూడా ఆమె తెల్లవారి లేచి అదే గిన్నెలాంటిది పట్టుకుని, అవే వాకిళ్ల ముందు నిలబడి ఉంటుంది.