గోడకు ఆనుకున్న గుర్రం

లెక్కల పుస్తకంలో సీరియల్ దాచుకుని చదవని ఆడపిల్ల మనలో ఎవరైనా ఉందా? కౌబాయ్ సినిమాలను ఆటపట్టించే ‘క్యాట్ బాలూ’లో (1965) జేన్ ఫోండా చేసేదీ అదే. టీచరు కావడానికి చదువుకున్న కేథరిన్, రైల్లో టెన్నిసన్ కవిత్వం చాటున పిస్తోలు వీరుడు కిడ్ షెలీన్ సాహసాలు చదువుతుంటుంది. తండ్రి ప్రాణం మీదకొచ్చేసరికి ఆ వీరుడికే కబురు పెడుతుంది.

వచ్చాడండీ మహానుభావుడు! నిలబడలేని తాగుబోతు. చుక్క పడితేగాని గురి కుదరదు. ఇంకాస్త పడితే గురీ ఉండదు, మనిషీ ఉండడు. అతని గుర్రం కూడా కాళ్లు మెలికేసుకుని గోడకు ఆనుకునే ఉంటుంది. ఈ వేషంతోపాటు వెండిముక్కు హంతకుడి వేషం కూడా కట్టిన లీ మార్విన్, ఆస్కార్ అందుకుంటూ అందులో సగం గుర్రానిదేనన్నాడు.

నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాను గానీ, కాస్త గుచ్చుకుంది కూడా. ఇలాంటి వీరుల్ని అచ్చేసి అమ్మేది మా బోటి వాళ్లమే కదా! అయితే దర్శకుడు ఇలియట్ సిల్వర్‌స్టీన్ పుస్తకాన్ని నమ్మిన పిల్లని మాత్రం వెక్కిరించలేదు. తండ్రి హత్య దగ్గర హాస్యం పక్కకి తప్పుకుంటుంది. ఊళ్లో న్యాయం దొరకదని తెలిశాక ఆమే ముఠా కట్టి రైలు దోస్తుంది. వీరుడు వెనకాల వస్తాడు.

ఆ తాగుబోతు చివరికి స్నానం చేసి, నడికట్టు బిగించి బయల్దేరుతుంటే నాకు నవ్వు రాలేదు. ఆమె చదివినదాన్ని అతను అప్పటికి నమ్మాడు. నా సీరియల్ హీరోకి ఇంకా స్నానం చేయించలేదు.