వాసకము: బహుప్రేమ, పదకవిత

ప్రేమగీతమునందు సామాన్యముగా ఇద్దరే యుందురు. పాడువారొకరు, ఎవరి నుద్దేశించి పాడుదురో వారొకరు. మూడవ వ్యక్తి ప్రవేశించినచో విఘ్నముగానో ద్రోహముగానో ప్రవేశించును. ‘నీవు తప్ప నాకు వేఱొకరు లేరు’ అను భావము ఏ భాషలోని ప్రేమగీతమునకైనను ఆయువుపట్టని చాలమంది తలంపు. ఇట్టి గీతములను, ఒకరికంటె నెక్కువమందిని అందఱి యెఱుకతోను సమ్మతితోను ప్రేమించువారు ఎట్లు ఆస్వాదింపగలరు? తమ జీవితమునకు సరిపడు పాటలను వేఱుగ వెదకికొందురా, లేక సరిపడని పాటలనే తమవిగా చేసికొందురా?

ప్రశ్న యీ రూపమున పుట్టినది పాశ్చాత్యదేశములలో. ఆ జీవనవిధానమునకు ‘పాలీయమొరీ’ యను పేరు 1990 తరువాత వ్యాప్తికి వచ్చినది. అది గ్రీకు, లాటిను మాటల సంకరము. ఆక్స్‌ఫర్డు నిఘంటువు 2006లో దానిని చేర్చుకొన్నది. మేము దీనిని ‘బహుప్రేమ’ యని వ్యవహరింతుము. బహుభార్యాత్వముతో దీనిని కలిపి చూడరాదు. అచ్చట అధికారము ఒక పక్షమునకే కలదు. ఇచ్చట పరస్పరసమ్మతి ప్రధానము.

ఆంగ్లగీతములలో ఈ వస్తువు కలవి లేకపోలేదు. డేవిడ్ క్రాస్బీ రచించిన ‘ట్రయడ్’ అను పాట ముగ్గురు కలసి జీవించుటను గూర్చినది. 1967లో బర్డ్స్ బృందము దానిని ధ్వనిముద్రణ మొనర్చియు తన సంపుటమున చేర్చలేదు. 1968లో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందము దానిని వెలువరించినది. 1976లో మేరీ మెక్‌గ్రెగర్ పాడగా విశేషప్రచారమును పొందిన ‘టార్న్ బిట్వీన్ టూ లవర్స్’ అను పాటలో ఇద్దరిని ప్రేమించిన స్త్రీ తన ప్రియునికి సంజాయిషీ చెప్పుకొనును. మొదటిది వాదించును, రెండవది క్షమాపణ వేడును. రెండింటను సంఖ్యయే వస్తువు. తన్ను తాను సమర్థించుకొనుటతోనే ప్రొద్దుపుచ్చు పాటకు ప్రేమను గూర్చి పలుకుటకు తీరిక యెక్కడిది? అట్టివారు తమ వస్తువే కలిగిన పాటలకంటె సామాన్యప్రేమగీతములనే మక్కువతో విన్నచో అందు ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు.

ఇంతకు పూర్వమే, సంఖ్యను వస్తువుగా గాక కేవలము పరిస్థితిగా గ్రహించిన ప్రేమగీతవాఙ్మయ మొకటి మనకు కలదు. అది పదకవిత. అయితే దానిని వినుటకు తగిన చెవిని మనము కొంతవఱకు పోగొట్టుకొన్నాము.

అష్టవిధనాయికలను విద్యార్థులు ఏకరువు పెట్టుదురు గాని ఆ పేర్లలోని ‘వాసక’శబ్దమును గూర్చి అడిగినచో సాధారణముగా ‘పడకటిల్లు’ అని సమాధానము వచ్చును. భరతుని నాట్యశాస్త్రమున, సామాన్యాభినయాధ్యాయమునందు, వాసకమనగా అంతఃపురమున రాజు ఒక్కొక్క భార్యతో గడపవలసిన రాత్రి, అనగా వంతు. పరిపాటి మొదలుగా ఆఱు కారణములచే వాసకము కలుగునని ఆయన లెక్క పెట్టినాడు. వాసకసజ్జిక తన వంతు వచ్చిన రాత్రి అలంకరించుకొని సంతోషముతో ఎదురుచూచునది. ఖండిత యెవరు? ప్రియుడు అన్యాసక్తుడై, తగిన వాసకమునకు రాకపోవుటచే దుఃఖించునది. భరతుని లక్షణములో పరస్త్రీ యున్నది నిజమే. కాని దుఃఖమునకు సాక్షాత్కారణము ఆమె యుండుట కాదు, రావలసిన రాత్రి అతడు రాకపోవుట. మాట తప్పుట, వంతు తప్పుట.

పదవ శతాబ్దివాడైన ధనంజయుని కాలమునకు ఈ లక్షణము మాఱినది. దశరూపకమున ఖండిత, ప్రియుని యొడలిపై అన్యస్త్రీసంగమచిహ్నములను కని ఈర్ష్యచే కలుషితయైనది. కాలమునుండి దేహమునకు, వంతునుండి గుర్తునకు దృష్టి మరలినది. తరువాతి లాక్షణికులును మన వ్యాఖ్యాతలును ఈ రెండవదానినే పట్టుకొన్నారు. మా యభిప్రాయమున పదకవితను అర్థము చేసికొనుటకు భరతుని లక్షణమే యెక్కువ ఉపకరించును.

క్షేత్రయ్యనే చూతము. పదునేడవ శతాబ్దిలో తంజావూరి విజయరాఘవనాయకుని ఆదరము పొందిన యీ కవి వేలకొలది పదములు చెప్పినట్లు ఆయన మేరువపదమే చాటుచున్నది. నేడు మనకు దక్కినవి నాలుగువందలకు లోపు. వానిలో ‘ఇందెందు వచ్చితివిరా’ అను సురటి రాగపదము మిక్కిలి ప్రసిద్ధము. దారి తప్పినవానికి దారి చెప్పునట్లు నాయిక మువ్వగోపాలునితో పలుకును. నీవు వెదకుచున్న ఆమె యిల్లు ఇది కాదని ఎత్తిపొడుచును. ఇందలి వ్యంగ్యమంతయు ఇల్లు అను మాటలో ఇమిడియున్నది. ‘ఆమెను ఏల ప్రేమించితివి’ అని ఈమె నిలదీయదు. ఆమె యొకతె యుండుట ఇద్దరెఱిగిన విషయమే. ఇచ్చట నుండవలసినపుడు అచ్చట నుండి, అచ్చటికి పోవలసినట్లు ఇచ్చటికి వచ్చితివే యన్నదే నింద. ఈర్ష్య లేదనుట కాదు, నిండుగా కలదు. కాని ఆ యీర్ష్య రెండవ ప్రేమను రద్దుచేయుమని కోరునది కాదు, తనకు రావలసినదానిని కోరునది.

దీనికి ప్రక్కన మోహనరాగమున నున్న ‘మగువ తన కేళికామందిరము’ అను పదమును ఉంచి చూడవలెను. వేకువను కేళీగృహము వెడలి వచ్చు స్త్రీని మఱియొక కంఠము వర్ణించుచున్నది. జాఱిన పూదండయు, నిదురమత్తు కన్నులును అన్నియు రతిచిహ్నములే. దశరూపకపు ఖండిత ఇవే చూచి మండిపడవలెను. ఇచ్చట చూచువారికి కలిగినది సౌందర్యానుభవము. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 1991 వఱకు నిలిచిన కెరిస్టా యను సహజీవనసమాజమువారు, తన ప్రియు డితరులతో సుఖించుట చూచి కలుగు సంతోషమునకు ‘కంపర్షను’ అని క్రొత్తమాట కల్పించుకొనవలసి వచ్చినది. ఈ పదములో పలుకునది సఖియో సవతియో తేల్చి చెప్పుట కష్టము గనుక ఆ భావము ఇందు కలదని మేము సాధింపబోము. గాయని సవతిని భావించి పాడినను, నర్తకి సఖిని భావించి అభినయించినను పదము రెండింటికిని ఇమిడిపోవును. అంతవఱకే మా వాదము.

అట్లని మన సంప్రదాయము బహుప్రేమను సమదృష్టితో చూచినదని యెవరైన గర్వించినచో అది పొరపాటు. నాయకుని విషయమున లాక్షణికులు సూక్ష్మముగా విభజించిరి. ఒకతెయందే నిలిచినవాడు అనుకూలుడు. పెక్కుమందియందు సమానానురాగము కలవాడు దక్షిణుడని విశ్వనాథుని సాహిత్యదర్పణము. దాచి మోసగించువాడు శఠుడు. తప్పు కనబడినను సిగ్గుపడనివాడు ధృష్టుడు. పెక్కుమందిని ప్రేమించుట వేఱు, వంచించుట వేఱు అను వివేకము ఈ విభాగమున స్పష్టము. బహుప్రేమవాదులు నేడు నొక్కి చెప్పునదియు ఇదియే. కాని ‘దక్షిణ’యను నాయికను ఏ లాక్షణికుడును చెప్పలేదు. పెక్కుమందితో సంబంధము కల స్త్రీ సామాన్య యగును. ఆమె యభిలాషకు ధనమొక్కటే హేతువని రసమంజరిలో భానుదత్తుడు తీర్పు చెప్పివైచినాడు. పురుషునికి గుణముగా చెప్పినది స్త్రీకి వృత్తిగా మాఱినది. ఆ పదములను తరతరములుగా పాడి ఆడి నిలిపినవారి బ్రతుకులో సమ్మతి యెంత, నిర్బంధ మెంత యను ప్రశ్నను 1947 నాటి మదరాసు దేవదాసీ చట్టమును చదివినవారెవ్వరును దాటవేయజాలరు.

సమ్మతి యొక్కటే సమస్తమును పరిష్కరింపదనుటకు ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను మించిన సాక్ష్యము లేదు. రాధ తానే పెంచిన ఇళను తానే కృష్ణునకిచ్చి పెండ్లి చేయును. ఇద్దరికిని తానే బుద్ధులు గఱపును. ఇచ్చిన పిదప తాళలేకపోవును. తన సమ్మతిని ఆమె వెనుకకు తీసికొనదు, దుఃఖమును దాచుకొనదు. కృష్ణుడు వచ్చి బ్రతిమాలవలసినదే. పదునెనిమిదవ శతాబ్దిలో ప్రతాపసింహుని ఆస్థానమున నుండి ఒక స్త్రీ యింత చిక్కైన మనఃస్థితిని ఇంత నిస్సంకోచముగా వ్రాయుట వీరేశలింగముగారికి రుచింపలేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని సమగ్రముగా ముద్రింపించగా 1911లో ప్రభుత్వము నిషేధించినది. కావ్యములోని అసలు సమస్య, అనగా ఇచ్చినదానికై వగచుట, ఆ వివాదమున ఎవ్వరికిని పట్టలేదు.

మన చెవి మాఱినది ఆ కాలముననే. 1913 నాటి రాయప్రోలు ‘తృణకంకణము’ అమలినశృంగారమునకు బాట వేసినది. భావకవులు ఏకైకప్రేయసిని ప్రతిష్ఠించిరి. చలనచిత్రగీతము ఆ వారసత్వమునే పంచుకొన్నది. ఇక పదములను పాఠము చెప్పవలసివచ్చినపుడు మన అధ్యాపకులకు మిగిలినది జీవాత్మపరమాత్మల సూత్రమే. నాయికలందఱును జీవాత్మలనినచో సవతిపోరు సమస్యయే కాదు. ఆ వ్యాఖ్యానము అసత్యమని మేమనుటలేదు. అది తొందరపాటు వ్యాఖ్యానము. నాయిక పలికిన మాట ముగియకముందే సమాధానము చెప్పును. శృంగారమును శుద్ధిచేయవలసిన పనిలేదని బాలసరస్వతి జీవితాంతము వాదించినది ఇందుకే. వీణ ధనమ్మాళ్ ఇంటి మనుమరాలికి పదము ఏమి పలుకునో ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవచ్చును. సంగీతసభలలో ఏకపత్నీవ్రతులైన గృహస్థులు ‘ఇందెందు వచ్చితివిరా’ విని తలలూపుదురు. తమ యింట నట్టి సన్నివేశము లేకపోవుట వారి రసాస్వాదమున కడ్డు కాలేదు. అట్లే బహుప్రేమికులును ‘నీవే నా సర్వస్వము’ అను పాటను హృదయపూర్వకముగా విని యానందింపవచ్చును. రుచి జీవితవిధానమునకు నీడ కాదు. అంతేకాదు, ఆ ‘నీవే’ అను మాట వారికి అబద్ధము కానక్కఱలేదు. వాసకసజ్జిక తన వంతు రాత్రి దీపము వెలిగించుకొని కూర్చున్నపుడు ఆమెకు లోకమున నున్నవాడు ఒక్కడే. మఱునాటి రాత్రి అతడు మఱియొక యింట నుండునని ఆమెకు తెలియును. ఏకత్వము ఇచ్చట సంఖ్యకు సంబంధించినది కాదు, ఆ రాత్రికి సంబంధించినది.

విస్సా అప్పారావుగారి సంపుటమును ముందుంచుకొని, ఖండితాపదములలో దేహచిహ్నములను నిందించున వెన్ని, కాలాతిక్రమణమును నిందించున వెన్ని యని వేర్పఱచినచో ఈ యూహకు బలమో బాధకమో తేలును. ఆ పనికి శ్రద్ధగల పరిశోధకవిద్యార్థి పూనుకొనవలసియున్నది. అట్లు చేయువారు సారంగపాణి పదములను గూడ చేర్చుకొనుట మంచిది. అందలి వేణుగోపాలుడు మువ్వగోపాలునంత నాగరికుడు కాడు, అతనిని నిందించు స్త్రీలును అంత మెత్తగా మాటలాడువారు కారు.